తూకం రౌండు

1

సోమవారం. గాలి పసుపు.

పొద్దున తూకం రౌండు వేశాం. చక్రం బాగానే తిరిగింది. మూడో పెట్టె తలుపు కీచుమంటోంది. ప్రభుదాసుకి చెప్పాను.

ఈ పుస్తకం పార్కువాళ్ళు ఇచ్చారు. మాస్కులు తగిలించే కొక్కేల దగ్గర కూర్చునేవాడు రోజూ గాలి రంగు, చక్రం సంగతి రాయాలి. మిగతా కాగితం ఖాళీగా ఉంటే బాగుండదని నేను ఇంకో నాలుగు ముక్కలు రాస్తాను. ఎవరూ చదవరు. నోటితో చెప్పడం కన్నా నాకిదే తేలిక.

తూకం రౌండంటే, గేట్లు తెరవకముందు జెయింట్ వీల్‌ని ఒకసారి తిప్పి చూడటం. ఉత్త పెట్టెలతో తిప్పితే ఏమీ తెలియదు. బరువు పడితేనే ఇరుసు ఎలా ఉందో తెలుస్తుంది. అందుకని పనివాళ్ళే ఒక పెట్టెలో ఇద్దరు, దానికి ఎదురుగా ఉన్న పెట్టెలో ఇద్దరు కూర్చుంటారు. ఏడో పెట్టె నాదీ చెంచమ్మదీ. చెంచమ్మ నా భార్య. ఇక్కడే క్యూలైన్లు ఊడుస్తుంది.

పెట్టె తలుపు మూశాక పైనుంచి మంచిగాలి వస్తుంది. పచ్చ బల్బు వెలిగితే మాస్కు తీయొచ్చు. ఈ పాతాళవనం పార్కు మొత్తంలో ఇద్దరు మనుషులు ఎదురుబొదురుగా మాస్కు లేకుండా కూర్చోగలిగేది ఆ పెట్టెల్లోనే. మా పనివాళ్ళ హాల్లో పడుకునేది కూడా మాస్కుతోనే. తిండిగది రేకుల డబ్బా, ఒక్కరే పడతారు. వంతులవారీగా వెళ్ళి తిని వస్తాం.

చెంచమ్మకి చెవులు వినపడవు. ఇది పార్కు కాకముందు, రాళ్ళ క్వారీగా ఉన్నప్పుడు, క్రషర్ దగ్గర పనిచేసి పోగొట్టుకుంది. మాట మాత్రం పోలేదు. ఇంకాస్త పెరిగింది. నేను చెప్పేది నా పెదాలు చూసి తెలుసుకుంటుంది. మాస్కు ఉంటే ఏమీ తెలియదు. అంచేత మా కాపురంలో నా వంతు మాటలన్నీ ఆ ఒక్క రౌండులోనే అయిపోవాలి. బియ్యం, నూనె, ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఎవరి మీద కోపం, అన్నీ.

ఈరోజు ఒక మాట చెప్పాల్సి ఉంది.

చక్రం కదిలింది. మాస్కులు తీశాం.

"తలెత్తి చెప్పు మావా. నేలకేసి చూస్తే నాకెట్టా తెలుస్తది?"

ఎత్తాను. పెట్టె పైకి వెళ్ళింది. క్వారీ గట్టు కనిపించింది, దాని మీద పసుపు దుమ్ము దొర్లుతోంది.

"ఉల్లిపాయలు అయిపోయినై" అన్నాను.

"అది రాత్రి నేను నీకు చెప్పిన మాట" అంది చెంచమ్మ.

2

మంగళవారం. గాలి పసుపు.

ఆ మాట ఏమిటో ఇక్కడైనా రాసి పెట్టుకుంటాను.

పనివాళ్ళ బాగోగులు చూసే షాహిదా మేడం మొన్న నన్ను పిలిచింది. కుర్చీ వేసింది. కుర్చీ వేసిందంటేనే నాకు భయం పట్టుకుంది.

"పెద్దాయనా, మొన్న ఎర్రగాలి వచ్చినప్పుడు సైరన్ మోగుతుంటే చెంచమ్మగారు ఊడుస్తూనే ఉన్నారంట."

"నేను పోయి లాక్కొచ్చా మేడం."

"లాక్కొచ్చారు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు రూలు వచ్చింది. సైరన్ వినపడనివాళ్ళు క్వారీ లోపల ఉండకూడదు. గట్టు అవతల టౌన్లో ఆశ్రమం ఉంది కదా, అక్కడికి పంపాలి."

"ఎన్నాళ్ళు?"

మేడం కాసేపు బల్ల మీది పెన్ను సర్దింది. "ఇక అక్కడే పెద్దాయనా. నేను పెట్టిన రూలు కాదు."

నేను కూడా వెళ్తానన్నాను. అక్కడ పనిచేయగలిగినవాళ్ళని ఉండనివ్వరట. పని మానేస్తే మాస్కు బిళ్ళలు రావు. మా ఇద్దరి మాస్కుల్లో దుమ్ము ఆపడానికి వేసే బిళ్ళలు నా పని మీదే వస్తాయి. బిళ్ళ లేకపోతే మాస్కు ఉత్త గుడ్డ.

"మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్తా" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. మేడం చెప్పినా మాస్కులోంచే కదా చెప్పేది అనిపించింది.

ఈ పొద్దున కూడా తూకం రౌండులో నోరు తెరిచాను. ఈలోపు చెంచమ్మ ఎదురు పెట్టెలో తోటమాలులిద్దర్నీ చూపించి, "ఆళ్ళిద్దరూ మళ్ళీ పోట్లాడుకున్నారు. చూడు, ఒకడు అటు, ఒకడు ఇటు" అని మొదలుపెట్టింది. ఆ కథ అయ్యేసరికి చక్రం కిందకి వచ్చేసింది.

"ఏదో చెప్పబోయావు?"

"రేపు."

3

బుధవారం. గాలి తెలుపు. జనం ఎక్కువ.

తెల్లగాలి రోజున అందరూ వస్తారు. క్యూ గేటు దాకా పోయింది.

క్యూలో రూలు ఒకటే. ముక్కు, నోరు, గడ్డం, మూడూ మాస్కు లోపల ఉండాలి. ముక్కు బయటపడితే వాళ్ళని క్యూ తోకకి పంపిస్తారు. కడ్డీల దగ్గర మైకులో ఒక అమ్మాయి గొంతు ఇదే చెబుతూ ఉంటుంది. ఆ అమ్మాయి పేరు ఎవరికీ తెలియదు. ప్రభుదాసు మాత్రం పెళ్ళంటూ చేసుకుంటే ఆ గొంతునే చేసుకుంటానంటాడు. అతను చక్రం తిప్పే మనిషి. నన్ను బాబాయ్ అంటాడు.

ఈ చక్రం ఎక్కేది తిరగడానికి కాదు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి. పెట్టెలో కూర్చున్నాక మాస్కులు తీసి సొరుగులో పెట్టి బయటికి నెడతారు. మాస్కు మీది దుమ్ము లోపల ఉండకూడదు కదా. నేను వాటిని బ్రష్షుతో దులిపి కొక్కేలకి తగిలిస్తాను. రౌండు అయ్యాక మళ్ళీ సొరుగులో పెట్టి లోపలికి నెడతాను. అప్పుడు అద్దంలోంచి వాళ్ళ బోసి మొహాలు కనిపిస్తాయి. నాకు సిగ్గేసి కిందకి చూస్తాను. ఇన్నేళ్ళయినా అలవాటు కాలేదు.

ఈరోజు ఒక పెళ్ళిచూపులు వచ్చాయి. వాళ్ళకి ప్రభుదాసు చక్రం కాస్త నెమ్మదిగా తిప్పుతాడు. దిగాక పిల్లాడి తల్లి అంది: "పిల్ల పలువరస బాగుంది."

పిల్ల మేనత్త ఊరుకోలేదు. "మీవాడిదీ చూశాంలే వదినా. ముందుది ఒకటి పక్కకి ఒరిగింది. మేమేమన్నా అన్నామా?"

క్యూ మొత్తం నవ్వింది. నవ్వితే మాస్కులు పైకీ కిందకీ ఊగుతాయి. చూడ్డానికి బాగుంటుంది. పెళ్ళి కుదిరినట్టే ఉంది.

తూకం రౌండులో చెంచమ్మ ఈరోజు తను ఏమీ మాట్లాడకుండా నన్నే చూసింది. "రేపన్నావుగా. చెప్పు" అంది.

నేను పెట్టె నేలకేసి చూశాను.

"మంచి సంగతి కాదా?"

కాదని తల ఊపాను.

"అయితే రేపు చెప్పు. ఈరోజు తెల్లగాలి. పాడుచేసుకోవటం ఎందుకు?" అంది.

పెట్టె పైకి వెళ్ళింది. తను అద్దానికి నుదురు ఆనించి గట్టు మీద ఎండ చూసింది. నేను తనని చూశాను. ఎడమ బుగ్గ మీద రాయి చీలిక తగిలిన మచ్చ ఉంటుంది. అది ఉన్న సంగతి మాస్కులు తీసినప్పుడే గుర్తొస్తుంది.

4

గురువారం. గాలి పసుపు.

పొద్దున్నే బోర్డు పెట్టారు. నేను చదివింది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"నేటి నుండి అన్ని రైడ్లలోను, క్యూలలోను, లోనికి వచ్చింది మొదలు బయటికి వెళ్ళేవరకు మాస్కు ధరించవలెను. పెట్టెలలో మాస్కు తీయరాదు. అరవరాదు."

చక్రానికి గాలి పోసే మిషను పాతబడిపోయిందట. పరీక్ష చేసేవాళ్ళు వచ్చి, ఆ గాలి నమ్మదగింది కాదన్నారట. కొత్తది కొనేదాకా, లేదా కొనకపోతే ఎప్పటికీ, ఇదే రూలు.

"అరవకుండా రోలర్ కోస్టర్ ఎక్కేదెట్టా బాబాయ్? ప్రార్థనలో కూచున్నట్టు కూచోవాలా?" అన్నాడు ప్రభుదాసు.

"తూకం రౌండో?" అన్నాను.

అతను ఏడో పెట్టె చూపించాడు. "ఇసక బస్తాలు పెట్టమన్నారు. మనుషులొద్దంట."

మిషను విప్పి లారీకి ఎక్కించడం చూశాను. పెద్ద గొట్టం ఒకటి నేల మీద పడి ఉంది. ఏనుగు తొండం తెగిపడినట్టు.

గేట్లు తెరిచాక గొడవ మొదలైంది. ఒకాయన ముసలి తల్లిని చక్రాల కుర్చీలో తోసుకుంటూ చాలా దూరం నుంచి వచ్చాడు. "మొహం చూసుకోటానికి కాకపోతే ఈ గుంతలోకి ఎవడొస్తాడయ్యా?" అని నన్ను అడిగాడు. నాకు కొక్కేల దగ్గర పని లేదని క్యూలో నిలబెట్టారు. చేతికి ఒక కర్ర ఇచ్చారు. కర్ర చివర స్పాంజి చెయ్యి ఉంటుంది. ముక్కు బయటపెట్టినవాళ్ళ భుజం దాంతో తట్టాలి. కొత్త మనిషి భుజం తట్టడం నా వల్ల కాలేదు. దగ్గు వచ్చినట్టు చేసి వేలితో నా ముక్కు నేను చూపించుకున్నాను. కొందరికి అర్థమైంది.

ఆయన తల్లిని మాస్కుతోనే ఎక్కించాడు. చక్రం తిరిగింది. దిగేటప్పుడు ఆవిడ కొడుకుతో, "పర్లేదులేరా, కళ్ళు మీ నాన్నవే" అంది.

5

శుక్రవారం. గాలి పసుపు.

తూకం రౌండుకి ఇసక బస్తాలు నేనే మోశాను. ఏడో పెట్టెలో రెండు, ఎదురు పెట్టెలో రెండు.

చెంచమ్మకి ఎవరూ చెప్పలేదు. బోర్డు చదవలేదు, తనకి చదువు రాదు. రోజూలాగే తల దువ్వుకుని, చీర కొంగు దులుపుకుని వచ్చింది. పెట్టెలో బస్తాలు చూసి నవ్వింది.

"నా బదులు దీన్ని పెట్టుకున్నావా? బాగుంది. ఇది మాట్లాడదు, నీకు సుఖం."

నేను చేత్తో వద్దని చూపించాను. మాస్కు చూపించాను, పెట్టె చూపించాను, మళ్ళీ చెయ్యి అడ్డంగా ఊపాను. తనకి అర్థమైంది. నవ్వు ఆగిపోయింది. కళ్ళలో ఆగిపోయింది, మిగతాది నాకు కనిపించదు.

ప్రభుదాసు అటూ ఇటూ చూసి, "కూచోండి బాబాయ్. ఒక్క రౌండు. మాస్కులు మాత్రం తియ్యమాకండి. లోపల ఇప్పుడు బయటి దుమ్మే" అన్నాడు.

బస్తాల పక్కన ఇరుక్కుని కూర్చున్నాం. పచ్చ బల్బు వెలగలేదు. తలుపు సందులోంచి దుమ్ము వస్తోంది.

"చెప్పు" అంది.

ఏం చెప్పను? తన కళ్ళలోకి చూశాను. చాలాసేపు చూశాను. సిగ్గుపడకుండా అంతసేపు ఎప్పుడూ చూడలేదు.

"కళ్ళతో ఏం చెప్తావు మావా? ఉల్లిపాయలకీ చావు కబురుకీ నీ కళ్ళు ఒకే మాదిరి ఉంటై" అంది.

6

శనివారం. గాలి తెలుపు.

షాహిదా మేడం దగ్గరికి వెళ్ళి అడిగాను. పెదాలు కనిపించే మాస్కు ఏదైనా ఉంటుందా అని. మేడం మంచి మనిషి. బొమ్మల వేషాలు కట్టేవాళ్ళ దగ్గర అద్దం మాస్కు ఒకటి ఉంటే ఇప్పించింది. "హాల్లో మాత్రమే పెట్టుకోండి. ఎక్కువసేపు వద్దు, దాంట్లో బిళ్ళ సరిగా కూర్చోదు."

అడిగి తెచ్చుకున్నాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఇంక తప్పించుకోవడానికి లేదు అనిపించింది. అది కూడా ఒక రకం ధైర్యమే.

హాల్లో మా మంచం దగ్గర చెంచమ్మని కూర్చోబెట్టాను. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, నా మాస్కు తీసి అద్దం మాస్కు పెట్టుకున్నాను. తను నా పెదాలకేసి వంగింది.

నేను ముందు గొంతు సవరించుకున్నాను. సగం ధైర్యం అక్కడే పోయింది.

"చెంచమ్మా, నువ్వు" అన్నాను. అద్దం తెల్లగా మసకబారింది.

"నువ్వు? నేనేం చేశా?"

ఊపిరి ఆపి చూశాను. మసక తొలగలేదు. మళ్ళీ మాట్లాడాను, మళ్ళీ ఆవిరి.

చెంచమ్మ పడి పడి నవ్వింది. "ఇడ్లీ కుక్కర్‌లో మొహం పెట్టినట్టుండావు. తియ్యి, తియ్యి. చూడలేకపోతన్నా."

పక్క మంచాలవాళ్ళు కూడా నవ్వారు. నాక్కూడా కొంచెం నవ్వొచ్చింది. అదే తప్పు. నవ్వాక ఇంక చెప్పే మొహం లేకపోయింది.

7

ఆదివారం. గాలి పసుపు.

చేతులతో చెప్పాలనుకున్నాను. ప్రభుదాసు కూడా వచ్చాడు సాయానికి. క్యూలైన్ల వెనక, నల్లరాతి గోడ దగ్గర.

తనని చూపించాను. బస్సు స్టీరింగు తిప్పాను. గట్టు చూపించాను. గట్టు అవతల అని చెయ్యి విసిరాను.

చెంచమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "అక్క దగ్గరికా?"

వాళ్ళ అక్క గట్టు అవతలే ఎక్కడో ఉంటుంది. ఏళ్ళ తరబడి చూడలేదు.

కాదని చెయ్యి ఊపబోయాను. అంతలో తను నా చెయ్యి పట్టుకుంది. "ఎన్నాళ్ళనుంచి అడగతన్నా మావా. ఇది చెప్పటానికా ఇన్ని రోజులు? సెలవు అడిగావా నాకు? నాలుగు రోజులుండి వస్తా."

నాలుగు రోజులు కాదని చెయ్యి ఊపాను.

"ఇంకా ఎక్కువా? వారమా?"

చెయ్యి ఊపుతూనే ఉన్నాను.

"సరే, వారం. నీకు బువ్వెట్టా మరి?"

ప్రభుదాసు సుద్దముక్క తీసుకుని గోడ మీద గీశాడు. ఒక ఇల్లు. అందులో ఒక ఆడమనిషి. దూరంగా ఒక మొగమనిషి. మధ్యలో పెద్ద గీత. గీత మీద మళ్ళీ మళ్ళీ సుద్ద రుద్దాడు.

చెంచమ్మ తల పక్కకి వంచి చూసింది. "ఇదేందయ్యా ప్రభుదాసూ, కోళ్ళగూడా? అందులో ఆ కోడి నేనేనా? మీ బాబాయికి మీసం కూడా పెట్టలేదే."

సుద్ద తీసుకుని తనే దూరంగా ఉన్న మొగమనిషికి మీసం పెట్టింది.

ప్రభుదాసు ఇంకేమీ గీయలేదు. సుద్ద జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ, "నావల్ల కాదు బాబాయ్. ఎంత సంతోషంగా ఉందో చూడు" అన్నాడు.

8

సోమవారం. గాలి పసుపు.

షాహిదా మేడం ఆశ్రమానికి పంపే కాగితం తెచ్చింది. కింద అచ్చువేసి ఉంది, "పై విషయమంతయు చదివి వినిపించడమైనది" అని. మేడం నిజంగానే చదివింది. రూలు కాబట్టి, పైనుంచి కిందదాకా, మాస్కులోంచి, చెంచమ్మ ఎదురుగా నిలబడి చదివింది. మధ్యలో ఒకచోట ఆగి మళ్ళీ మొదటినుంచి చదివింది.

చెంచమ్మ మర్యాదగా తల ఊపుతూ నిలబడింది. బస్సు పాసనుకుంది. వేలిముద్ర వేసి, "చల్లగా ఉండు తల్లీ" అని మేడం తల మీద చెయ్యి పెట్టింది.

మేడం నాకేసి చూసింది. నేను నేలకేసి చూశాను.

"చెప్పలేదా పెద్దాయనా?"

"చెప్పా మేడం. ఆమెకి అందలేదు."

హాల్లో మాస్కు కిందికి దించి చెప్పేద్దామని చాలాసార్లు అనిపించింది. రెప్పపాటులో మార్చుకుంటే సరేగానీ, దించి మాట్లాడితే గోడ మీది ఎర్రదీపం వెలుగుతుంది. దించినవాడికి బిళ్ళలు కోస్తారు. నా ఊపిరితిత్తుల్లో క్వారీ రాయి ముందే ఉంది, బిళ్ళ లేకపోతే ఎన్నాళ్ళో ఉండను. అదొక్కటే కాదు. నాకు భయం. ఆ ధైర్యమే ఉంటే ఏడో పెట్టెలో, పచ్చ బల్బు వెలుగుతున్నప్పుడే చెప్పి ఉండేవాణ్ణి.

చెంచమ్మ సంచి సర్దింది. చిన్న సంచి. రెండు చీరలు, దువ్వెన, అక్కకి మరమరాల ఉండలు. మిగతా చీరలన్నీ మంచం కింద పెట్టెలోనే ఉంచి, పైన కలరా ఉండ వేసింది. నేను పెట్టె తీసి ఇంకో చీర ఇచ్చాను. తను తిరిగి పెట్టేసింది. ఇంకోటి ఇచ్చాను. దుప్పటి ఇచ్చాను.

"వారానికి ఇల్లంతా మోసుకుపోతానా? మా అక్క కాపురానికి వచ్చావా అనుకుంటది."

దుప్పటి మడిచి నా పక్క మీదే పరిచింది. గోంగూర పచ్చడి సీసా ఎక్కడుందో చూపించింది. నూనె తేలకపోతే ఇంకాస్త పోసుకోమంది. తను లేనప్పుడు వచ్చే తన తిండివంతు పక్క మంచం ఆవిడకి ఇవ్వమంది. వచ్చాక తిరిగి తీసుకుంటుందట.

9

మంగళవారం. గాలి పసుపు, మధ్యాహ్నం నుంచి ముదురు పసుపు.

బస్సు క్యూ కూడా ఆ ఇనప కడ్డీల్లోంచే వెళ్తుంది. పైకి వెళ్ళేవాళ్ళంతా అందులోనే నిలబడాలి. పార్కు చూసి తిరిగి వెళ్ళేవాళ్ళు, పిల్లలు, బెలూన్లు. వాళ్ళ మధ్య చెంచమ్మ సంచి పట్టుకుని నిలబడింది. తను రోజూ ఊడ్చే క్యూలో తను ఎప్పుడూ నిలబడలేదు. కొత్తగా ఉన్నట్టుంది, కింద రాలిన వేరుశనగ పొట్టు కాలితో పక్కకి నెట్టింది.

నేను కర్ర పట్టుకుని డ్యూటీలో ఉన్నాను. కడ్డీకి ఇవతల. తను ఒక అడుగు ముందుకు జరిగితే నేనూ జరుగుతున్నాను.

"కర్ర పట్టుకుని అట్టా ఎంబడి రామాకు. నేనేదో ముక్కు బయటపెట్టాననుకుంటారు జనం" అంది.

మైకులో అమ్మాయి చెబుతోంది. ముక్కు, నోరు, గడ్డం.

బస్సు తలుపు దగ్గరయింది. ముందున్న కుటుంబం ఎక్కుతోంది. చెంచమ్మ వెనక్కి తిరిగి కొంగు సర్దుకుంది. "వారంలో వచ్చేస్తా. తూకం రౌండుకి మళ్ళీ మనుషుల్ని పెడితే, ఏడో పెట్టె ఎవరికీ ఇవ్వమాకు."

అప్పుడు నేను కర్ర కింద పడేశాను. చెవుల వెనక దారాలు తీశాను. మాస్కు ఊడి చేతికొచ్చింది.

గాలి మొహానికి తగిలింది. గరుకుగా, ఉప్పగా. చుట్టూ ఉన్నవాళ్ళు చూసి, వెంటనే మొహాలు తిప్పుకున్నారు. ఒకావిడ పిల్లాడి కళ్ళు మూసింది. స్తంభం మీద ఎర్రదీపం వెలిగింది. నేను అవేవీ పట్టించుకోకుండా తలెత్తి, పెదాలు బాగా కదిలేట్టు, తన కళ్ళలోకి చూస్తూ మొదలుపెట్టాను.

చెంచమ్మ భయపడిపోయింది. నేను మొదటి మాట అనకముందే సంచి వదిలేసి, కడ్డీ మీంచి వంగి, అరచెయ్యి నా నోటి మీద గట్టిగా పెట్టేసింది.

"పిచ్చి పట్టిందా మావా? దుమ్ము. దుమ్ము పోద్ది లోపలికి."

నేను ఆపలేదు. చెప్పాల్సిందంతా చెప్పాను. ఇది అక్క ఊరు కాదని, వారం కాదని, నేను చెప్పలేకపోయానని. చీరలు తీసుకెళ్ళమని. అంతా తన అరచేతిలోకి చెప్పాను. చేతిని తీయబోతే రెండో చెయ్యి కూడా పెట్టింది. చీపురు పట్టి పట్టి కాయలు కాసిన చేతులు. నాకన్నా బలం.

తర్వాత నా చేతిలోంచి మాస్కు లాక్కుని, పసిపిల్లలకి పెట్టినట్టు, తనే నా చెవులకి తగిలించింది. ముక్కు దగ్గర నొక్కింది. గడ్డం కిందకి లాగి చూసింది. మూడూ లోపలే ఉన్నాయని నమ్మకం కుదిరాకే వదిలింది.

సంచి తీసుకుంది. మెట్టెక్కి వెనక్కి తిరిగింది. తన అరచెయ్యి ఒకసారి చూసుకుంది. కళ్ళు నవ్వుతున్నాయి.

"సరేలే. నువ్వు అడిగావని చెప్తాలే అక్కకి. దానికోసం అంత అవసరమా?" అంది.

బస్సు గట్టెక్కేదాకా కనిపించింది. తర్వాత దుమ్ము.

10

బుధవారం. గాలి ఎరుపు. పార్కు మూశారు.

నాకు బిళ్ళలు కోశారు. చెంచమ్మవి కోయలేదని షాహిదా మేడం మళ్ళీ మళ్ళీ చెప్పింది. పాత బిళ్ళ దులిపి వాడుకుంటున్నాను. దగ్గు వస్తోంది. ప్రభుదాసు తన బిళ్ళ ఒకటి నా మంచం మీద పెట్టి వెళ్ళిపోయాడు.

11

మంగళవారం. గాలి తెలుపు.

తూకం రౌండు బస్తాలతోనే వేశాం. చక్రం బాగా తిరిగింది. మూడో పెట్టె తలుపు ఇంకా కీచుమంటోంది.

వారం అయింది. మధ్యాహ్నం బస్సు వచ్చినప్పుడు కర్ర పట్టుకుని కడ్డీ దగ్గర నిలబడ్డాను. రాదని తెలుసు. తెలిసీ నిలబడ్డాను. పిల్లలు దిగారు, ఒక పెళ్ళిచూపులవాళ్ళు దిగారు. పెట్టెలో మాస్కు తీయకూడదని వీళ్ళకింకా తెలియదు. తెలిశాక క్యూలోనే నిలబడి కళ్ళు చూసుకున్నారు.

ఈపాటికి చెంచమ్మ సంచి సర్దుకుని ఆ ఆశ్రమం గుమ్మం దగ్గర నిలబడి ఉంటుంది. అక్క ఎందుకు రాలేదు, బస్సు ఎప్పుడు అని దారిన పోయేవాళ్ళని అడుగుతూ ఉంటుంది. ఎవరో ఒకరు ఆగి, ఓపిగ్గా, ఉన్నదంతా చెబుతూనే ఉంటారు. మాస్కులోంచి.